మళ్ళీ ఏడాదికి వస్తారా?

జూన్ అయిదో తేదీ దగ్గర పడుతోందంటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రపంచ పర్యావరణ దినోత్సవమని ఊరంతా హడావిడి పడే రోజు అది. పంచాంగం తీసి చూడండి, ఆ రోజుకి రోహిణి కార్తె ఇంకా వెళ్ళి ఉండదు. రోళ్ళు పగిలే ఎండలని మన పెద్దలు ఊరికే అనలేదు. తిరుపతిలో ఆ వేళకి కొండరాయి మీద చెయ్యి ఆనించలేం. అదే ఎండలో శేషాచలం అంచున పిల్లల్ని బస్సుల్లో తెచ్చి దింపుతారు. అందరికీ ఒకే రంగు టీషర్టు, ముందు సంస్థ పేరు, వెనక డబ్బిచ్చినవాళ్ళ పేర్లు. ముఖ్య అతిథి వచ్చేదాకా అందరూ నిలబడాలి. ఆయన వచ్చి ఒక మొక్క పాతి, మాట్లాడి వెళ్ళిపోతాడు. తర్వాత పిల్లలు మిగతా మొక్కలు పాతి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్లు తీసుకుని మధ్యాహ్నం భోజనానికల్లా ఊళ్ళో ఉంటారు. కొన్నాళ్ళు పోయాక నేను ఆ చోటికి వెళ్ళి చూస్తాను. ఎండుపుల్లలు కనిపిస్తాయి. కొన్నిటికి నర్సరీ వాళ్ళిచ్చిన నల్ల కవరు కూడా విప్పకుండానే పాతేసి ఉంటారు.

పిల్లల మీద కాదు నా కోపం. వాళ్ళు మంచి మనసుతోనే వస్తారు. వాళ్ళని ఆ రోజున, ఆ పనికి తీసుకొచ్చే పెద్దల మీద నా కోపం. మా వైపు వాన ఎప్పుడు పడుతుందో తెలియనివాడు మొక్కల పని పెట్టుకోకూడదు. వనమహోత్సవం 1950లో కె.ఎం. మున్షీ కేంద్రంలో మంత్రిగా ఉండగా జూలై మొదటి వారంలో మొదలుపెట్టిన పండుగ. నైరుతి వానలు బాగా పట్టే ప్రాంతాలకు ఆ తేదీ సరిపోతుంది. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మా రోజుల్లో మొక్క పట్టుకోవాలంటే దసరా దాటాలి. నేల రెండు మూడు సార్లు బాగా తడిశాక, గడ్డపార దిగితే లోపల చెమ్మ కనిపించాక, అప్పుడు. అదీ అడవి బయట, ఊరి పోరంబోకుల్లో, బడి ఆవరణల్లో. అడవి లోపల మొక్క నాటే పని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అసలు అడవి లోపల మనం నాటవలసిందేముంది? శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానాన్ని 1989లో ప్రకటించారు. సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు అయినప్పుడు ఈ అడవి అందులో భాగమైంది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ దక్షిణ తూర్పు కనుమల సొత్తు. ఇక్కడి రాతిబండల మధ్య, మట్టి పలచగా ఉండే చోట, నీడ లేని ఎండలో అది పెరుగుతుంది. నరికిన మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. తంబ జాలారి, మొగి, తెల్లకరక, పేరిత ఇవన్నీ ఈ కొండల చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా అంతగా కనిపించని చెట్లు. ఎవరో నాటితే వచ్చినవి కావు. బండల మధ్య ఖాళీగా కనిపించే చోటు నిజానికి ఖాళీ కాదు. అది గడ్డి చోటు. దుప్పి మేసేది అక్కడ. దాని మీదికి ఇప్పుడు విత్తన బంతులు విసురుతున్నారు. మట్టిలో, పేడలో ఏవో విత్తనాలు కలిపి ఉండలు చేసి, బస్తాలకొద్దీ తెచ్చి, కొండ మీద నిలబడి లోయలోకి విసరడం. ఆ విత్తనాలు ఏవి అని అడిగితే చెప్పేవాడుండడు. వేప, కానుగ, గుల్‌మొహర్ అని ఒకసారి ఒకాయన సంతోషంగా చెప్పాడు. గుల్‌మొహర్ మడగాస్కర్ చెట్టు. జాతీయ ఉద్యానంలో రాయి కదిలించాలన్నా, పుల్ల విరవాలన్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఊళ్ళో రోడ్డు పక్కన వేసే చెట్టును అక్కడికి తీసుకెళ్ళి విసరడం సేవ కాదు, హాని. ఆ మాట చెబితే పాత మనిషినని పక్కకి నెట్టేస్తున్నారు. నెట్టనివ్వండి, చెబుతూనే ఉంటాను.

మా రోజుల్లో అంటే ఉద్యానం ప్రకటించిన కొత్తలో, తొంభైల మొదట్లో. మా గుంపుకి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. కాలేజీ పిల్లలు కొందరు, ఒక బ్యాంకు గుమాస్తా, ఒక దర్జీ, బళ్ళో పాఠాలు చెప్పుకునే నేను. వన్యప్రాణుల విభాగం ఆఫీసుకు వెళ్ళి, ఆదివారాలు ఏదైనా పని ఉంటే చేస్తామని కాగితం రాసిచ్చాం. మమ్మల్ని ఒక వాచరుకి అప్పగించారు. యానాది మనిషి, వయసులో మాకన్నా బాగా పెద్ద. ఆయన మా వంక చూసి అడిగిన మొదటి మాట, "మళ్ళీ ఏడాదికి వస్తారా సామీ?" అని. అప్పుడు మాకా ప్రశ్న అర్థం కాలేదు. ఏం పని చెయ్యాలి, ఎంత పని చెయ్యాలి అని అడుగుతాడనుకున్నాం. ఆ వేసవంతా ఆయన మా చేతికి పార ఇవ్వలేదు. నడిపించాడు, అంతే. నీళ్ళ క్యాన్లు మోయించాడు. ఏ వంకలో మే నెలదాకా చెలమ తవ్వితే నీళ్ళు ఊరుతాయో, ఏ బండ కింద ఎలుగుబంటి పడుకుంటుందో, చిరుత ఏ మలుపు దగ్గర దారి దాటుతుందో చూపించాడు. కణితి వాసన పట్టడం నేర్పాడు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని అటు మొహం పెట్టి నడవమన్నాడు. వాన పడ్డాక కూడా వచ్చిన వాళ్ళకే పార దక్కింది. వేసవి చూసి మానేసిన వాళ్ళు కొందరున్నారు. వాళ్ళని ఆయన తప్పు పట్టలేదు. వచ్చినవాళ్ళతో పని మొదలుపెట్టాడు.

ఇప్పటి పిల్లలకు ఈ అదృష్టం లేదు. బస్సు దిగేసరికి పని చేతికొస్తుంది, బస్సెక్కేసరికి అయిపోతుంది. పని నేర్పే మనిషి మధ్యలో లేడు. ఉన్నా ఆయన్ని పక్కన నిలబెట్టి, మైకు పట్టుకున్నవాడు మాట్లాడతాడు. ఒక కార్యక్రమంలో నా కళ్ళారా చూశాను. అడవిలో పుట్టి పెరిగిన వాచరును కుర్చీలు మొయ్యడానికి వాడారు. అరవై రకాల చెట్లకు పేరు చెప్పగలిగిన మనిషి కుర్చీలు మోస్తుంటే, ఎక్కడినుంచో వచ్చినవాడు జీవవైవిధ్యం గురించి ఇంగ్లీషులో ఉపన్యసించాడు. పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

కలివికోడి సంగతి మన పిల్లలందరికీ చెప్పాలి. జెర్డన్ 1848లో కనుక్కున్న పిట్ట అది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ కడప జిల్లాలో, సిద్ధవటం పక్కన మళ్ళీ కనుక్కున్నాడు. అసలు కనుక్కున్నది ఎవరు? రాత్రిపూట దీపం వెలుగులో పిట్టలు పట్టుకునే ఊరి మనిషి ఒకాయన. బొమ్మ చూసి గుర్తుపట్టి, బతికున్న పిట్టనే తెచ్చి చూపించాడు. శాస్త్రజ్ఞుడు ఆయన్ని వెతుక్కుంటూ పోయాడు, ఆయన మాట విన్నాడు. దాని ఆవాసం కోసం తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అప్పటికి కొన్నేళ్ళు గడిచినా ఈ వార్త మా గుంపులో ఎంత ఉత్సాహం తెచ్చిందో! మనమూ ఏదో ఒకటి చూస్తామన్న ఆశ ఒకటి, చూడాలంటే తెలిసినవాడి వెనక నడవాలన్న బుద్ధి ఒకటి. మా వాచరు వెనక నడిచే తిరుమల కొండల్లో బంగారు బల్లిని చూశాం. నీటి వంకల పక్క బండ చీలికల్లో ఉంటుంది. ఎన్నో బల్లులు ఒకే రాతి మీద గుడ్లు అంటించి పెడతాయి. అది కూడా ఎన్నో దశాబ్దాలు మరుగునపడి 1980లలోనే మళ్ళీ వెలుగులోకి వచ్చింది. అలాంటి రాతి మీద ఇప్పుడు పర్యావరణ నినాదాలు రంగుతో రాస్తున్నారు. ఏ గుడ్ల మీద రాస్తున్నారో రాసేవాడికి తెలియదు.

మాట్లాడకుండా నడవడం మాకు మొదటి నియమం. మధ్యాహ్నం సంగటి ముద్ద, ఊరిబిండి, మజ్జిగ. అడ్డాకు విస్తరి మీద తిని, ఆ విస్తరి కూడా వెనక్కి తెచ్చేవాళ్ళం. ఇప్పుడు స్పీకరు తెస్తున్నారు. బ్లూటూత్ డబ్బా ఒకటి చేతిలో పెట్టుకుని సినిమా పాటలు పెట్టి లాంటానా పీకుతున్నారు. దేవాంగపిల్లి పగలంతా కొమ్మ మీద ముడుచుకుని నిద్రపోయే జంతువు. కొమ్మ కింద నిలబడి పాటలు పెట్టి అడవిని కాపాడుతున్నామంటే నేను ఒప్పుకోను.

మా గుంపు ఎక్కువ శ్రమ పెట్టింది ఫైర్ లైన్ల మీద. ఇది ఆకురాలు అడవి. సంక్రాంతి దాటితే ఆకు రాలడం మొదలవుతుంది. ఫిబ్రవరి చివరికి నేలంతా మోకాలి కింది దాకా ఎండాకు, ఎండిన బోదగడ్డి. బీడీ ముక్క చాలు. అడవిలో తనంతట తాను పుట్టే మంట మన వైపు చాలా తక్కువ. మనిషి పెట్టినదే, తెలిసో తెలియకో. అందుకని జనవరిలోనే దారుల వెంబడి, గట్ల మీద ఒక వెడల్పు ప్రకారం ఆకు ఊడ్చి, గడ్డి కోసి, ఒడ్డున కుప్పేసి, తడి ఉన్న పొద్దుటి వేళ వాచర్లు దగ్గరుండి తగలబెట్టేవాళ్ళు. రెండు వారాలు పోయాక మళ్ళీ ఆకు రాలుతుంది. మళ్ళీ ఊడవాలి. చూడడానికి ఇందులో ఏమీ లేదు. ఫొటో తీస్తే ఊడ్చిన నేల కనబడుతుంది. అందుకే ఈ పనికి ఇప్పుడు బస్సు రాదు. మొక్క నాటడానికి రెండొందల మంది వస్తారు, ఆకు ఊడవడానికి పదిమంది రారు. మంట లేచాక మాత్రం అందరూ వీడియోలు పంచుకుంటారు. 2014 మార్చిలో తిరుమల కొండల మీద మంటలు లేచినప్పుడు సైన్యమూ వైమానిక దళం హెలికాప్టర్లూ రావలసి వచ్చింది. ఆ రోజుల్లో కింద తిరుపతి నుంచి చూస్తే కొండ మీద పొగ. అప్పుడు నా దగ్గరికి వచ్చి మనమేం చెయ్యగలం అని అడిగిన కుర్రాళ్ళందరికీ ఒకటే చెప్పాను: జనవరిలో చెయ్యవలసింది మార్చిలో చెయ్యలేం. ఇప్పుడు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహం చూసి, ఫలానా చోట మంట ఉందని బీటు ఆఫీసరు ఫోనుకే కబురు పంపుతోంది. మంచి పని. అయినా ఆ కబురు అందుకున్నవాడు కొండెక్కి, పచ్చికొమ్మ విరిచి కొట్టే ఆర్పాలి. ఊడ్చిన ఫైర్ లైన్ ఉంటే మంట అక్కడ ఆగుతుంది. లేకపోతే ఆగదు.

లాంటానా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది పిల్లలు చెయ్యి చేసుకునేది దాని మీదే. పందొమ్మిదో శతాబ్ది మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెనుకి అందానికి తెచ్చిన కంప అది. రంగురంగుల పువ్వు చూసి దొరలు పెంచారు. ఈరోజు దేశమంతా అడవుల్ని కమ్మేసింది. దాని కింద గడ్డి పుట్టదు, గడ్డి లేకపోతే దుప్పి రాదు, ఎండితే మంటకు మంచి వంటచెరకు. పీకాలి, నిజమే. ఎలా పీకాలి? కొడవలితో పైన నరికి ఫొటో దిగితే, వాన పడ్డాక ఒక్కో మోడు నుంచి పది పిలకలు వస్తాయి. నరకనప్పటికన్నా గుబురుగా అవుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం ఒక పద్ధతి చూపించింది. నేలకి కొంచెం కింద తల్లివేరు నరికి, మొత్తం కంపను ఎత్తి తలకిందులుగా పడెయ్యాలి. వేరు ఎండకు తగులుతుంది, పిలక రాదు. పువ్వు కాయ కాకముందే చెయ్యాలి. ఇదంతా చేసినా పని సగమే. లాంటానా పండు పికిలిపిట్టలకు ఇష్టం. పక్క చెట్టు మీద కూచుని రెట్ట వేస్తాయి. మరుసటి వానకు ఆ చెట్టు కింద కొత్త లాంటానా మొలుస్తుంది. బెత్తెడు పొడుగున్నప్పుడు రెండు వేళ్ళతో పట్టి లాగితే వస్తుంది. రెండేళ్ళు వదిలేస్తే మళ్ళీ గడ్డపార కావాలి. అంటే పీకిన చోటికి మరుసటి ఏడూ, ఆ పై ఏడూ రావాలి. ఆ ఖాళీలో మన గడ్డి విత్తనం పడేలా చూడాలి. వాచరు మమ్మల్ని మొదటి రోజు అడిగిన ప్రశ్న మాకు అర్థమైంది ఈ పని దగ్గరే. ఒక వంక పక్కన మేం పీకిన చోటికి వరసగా వానాకాలాలు వెళ్ళాం. గడ్డి వచ్చింది. దుప్పి పెంటికలు కనబడిన రోజు దర్జీ మిత్రుడు కూచుని ఏడ్చాడు. ఈ మధ్య ఒక పెద్ద కంపెనీ ఉద్యోగులు వచ్చి ఒక శనివారం అరెకరం లాంటానా నరికి, అంత విస్తీర్ణం పునరుద్ధరించామని బోర్డు పెట్టి వెళ్ళారు. మరుసటి ఏడు ఆ బోర్డు లాంటానాలో మునిగిపోయింది. వాళ్ళలో ఒక్కరూ చూడడానికి రాలేదు.

చెత్త గురించి. తిరుమల కొండల్లో మూడు ముక్కోట్లు వరసగా వస్తాయి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబుర తీర్థం. వేలమంది అడవిలోకి నడిచి వెళ్ళి స్నానం చేసి వస్తారు. భక్తి వాళ్ళది, కాదనను. నేనూ వెళ్ళాను, మా అమ్మను తీసుకుని వెళ్ళాను. అప్పట్లో జనం పులిహోర మూట గుడ్డలో కట్టుకుని, చెంబు పట్టుకుని వచ్చేవాళ్ళు. వెనక మిగిలేది అరటాకు, విస్తరాకు. వారంలో మట్టిలో కలిసేది. ఇప్పుడు మిగిలేది బిస్కెట్ల కవర్లు, షాంపూ పొట్లాలు, గుట్కా పొట్లాలు, వదిలేసిన తడిబట్టలు. తిరుమల ఊళ్ళో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు అమ్మనివ్వడం మానేశారు, గాజు సీసాలు పెట్టారు. అది ఎంతో మేలు చేసింది. అడవి దారుల్లో మాత్రం ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఈ మూడు పౌర్ణములూ అడవి ఎండిపోయే కాలంలోనే వస్తాయి. చెత్త ఎండాకుతో కలిసి మంటకు సాయపడుతుంది. ఉప్పు రుచి తగిలిన కవరును కణితి నమిలి మింగేస్తుంది. ఆ కవరు పొట్టలోంచి బయటికి రాదు.

ఈ చెత్త ఎత్తే పనిలో ఇప్పటి పిల్లల్ని మెచ్చుకుని తీరాలి. మా గుంపు ఇంత చెత్త ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తవలసినంత చెత్త మా కాలంలో లేదు. వాళ్ళ తాతలూ తండ్రులూ పారేసినది కూడా వాళ్ళే మోస్తున్నారు. నేను అడిగేది ఒక్కటే. ముక్కోటి అయిన వారం తర్వాత ఎత్తడం కన్నా, ముక్కోటి నాడు పొద్దున్నే దారి మొదట్లో గోనెసంచులతో నిలబడి, వచ్చేవాళ్ళ చేతుల్లోని కవర్లు తీసి కాగితం పొట్లాలకు మార్చి పంపమని. పెద్దవాళ్ళకు చెప్పడానికి పిల్లలు మొహమాటపడుతున్నారు. "అవ్వా, ఆ కవరు ఇలా ఇయ్యి" అని ఒక ఇంటర్ చదివే పిల్ల అడిగితే ఇవ్వని అవ్వను నేను చూడలేదు.

ఒక సంగతిలో ఇప్పటి పిల్లల చేతులు కట్టేసి ఉన్నాయని ఒప్పుకోవాలి. మేం తిరిగినట్టు వాళ్ళు తిరగలేరు. ఎర్రచందనం దొంగరవాణా ఈ అడవిని మార్చేసింది. 2013 డిసెంబరులో శేషాచలంలో విధుల్లో ఉన్న ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్లు చంపేశారు. ఆ తర్వాత టాస్క్‌ఫోర్సు వచ్చింది. బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లు రాత్రిళ్ళు గొడ్డలి చప్పుడు వింటూ పడుకునే పరిస్థితి. అలాంటి చోటికి ఇరవయ్యేళ్ళ పిల్లల్ని స్వేచ్ఛగా వదలమని ఎవరూ అడగకూడదు. అనుమతి ఆలస్యమైతే విసుక్కునే నాయకులకు ఇది చెబుతుంటాను. విసుక్కోవలసింది దుంగ కొనేవాడి మీద, కాగితం అడిగే గార్డు మీద కాదు.

జంతువుల లెక్కల దగ్గర మాత్రం మా రోజులు గొప్పవని నేను అనను. మా కాలంలో అడుగుజాడల మీద గాజుపలక పెట్టి గీత గీసుకుని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసి, ఇది ఆడ చిరుత, ఇది మగ అని తేల్చేవాళ్ళు. మేమూ ఆ అచ్చులు మోశాం. ఒకే జంతువు రెండు చోట్ల నడిస్తే రెండుగా లెక్కపడేది. రాజస్థాన్‌లో సరిస్కా అడవిలో కాగితాల మీద పులులుండగానే, 2005 నాటికి నేల మీద ఒక్కటీ లేదని తేలింది. దాని తర్వాతే దేశమంతా కెమెరా ట్రాప్‌లు వచ్చాయి. ఒంటి మీది మచ్చల్ని బట్టి ఒక్కో జంతువునూ విడిగా గుర్తుపడుతున్నారు. మా ఊరి పిల్లలు ఇప్పుడు ఫోనులో పిట్ట కూత రికార్డు చేసి, చూసిన చోటూ వేళా పక్షుల నమోదు యాప్ ఈబర్డ్‌లో ఎక్కిస్తున్నారు. పసుపు గొంతు పికిలి ఏ బండల దగ్గర ఏ నెలలో ఉందో మా కాలంలో ఒకరి నోట్సులో ఉండి, ఆయనతోపాటే పోయేది. ఇప్పుడు అందరికీ ఉంది. ఇంకొకటి, మా గుంపులో ఆడపిల్లలు లేరు. ఇంట్లో పంపేవాళ్ళు కారు. ఇప్పుడు సగానికి సగం వాళ్ళే. కొండెక్కడంలో, బరువు మోయడంలో వాళ్ళు ఎవరికీ తీసిపోరు. వచ్చిన పని ముగిసేదాకా ఉండేదీ వాళ్ళే.

తలకోన వైపు వచ్చే ఒక చిన్న గుంపు ఉంది. డిగ్రీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. పేరు రాయవద్దన్నారు, రాయను. మొదటిసారి వచ్చినప్పుడు వీళ్ళూ బ్యానరుతోనే వచ్చారు. విత్తన బంతులు విసరాలని ఉత్సాహపడ్డారు. బీటు ఆఫీసరు వద్దన్నాడు. బదులుగా వేసవిలో జంతువులు నీళ్ళు తాగే సాసర్ పిట్ ఒకటి చూపించి, పూడిక తియ్యమన్నాడు. ఆకు, బురద, చచ్చిన కప్పలు. ఎత్తి పోశారు. ఒక అమ్మాయి అడిగింది, "సార్, మళ్ళీ ఎప్పుడు పూడుతుంది?" అని. అంతే, నాకు ఆ గుంపు మీద నమ్మకం కలిగింది. వానలు వెళ్ళాక పూడుతుందమ్మా అన్నాను. వానలు వెళ్ళాక వాళ్ళు వచ్చారు. తర్వాతి వేసవీ వచ్చారు. ఇప్పుడు ఆ పిట్ వాళ్ళదే అన్నట్టు చూసుకుంటారు. అంచు పగిలితే చెప్పి సిమెంటు వేయిస్తారు. నీళ్ళ ట్యాంకరు రాకపోతే ఫోన్ చేసి అడుగుతారు. తొట్టి అంచున ఒక పక్క ఏటవాలుగా రాళ్ళు పేర్చారు, పడిపోయిన తొండా ఉడుతా ఎక్కి బయటికి రావడానికి. అది ఎవరూ చెప్పలేదు. ఒక ఉదయం నీళ్ళలో చచ్చి తేలుతున్న బెట్టుడుతను చూసి వాళ్ళకి తట్టింది. ఒక్కరోజు వచ్చి వెళ్ళేవాడికి ఆ ఉడుత కనబడదు, ఆ రాళ్ళు తట్టవు.

అటవీ శాఖనూ కాలేజీలనూ నేను అడిగేది ఇదే. అనుమతి ఒక రోజుకి ఇవ్వకండి, ఒక ఏడాదికి ఇవ్వండి. ఒక గుంపుకి ఒక చోటు అప్పగించండి: ఒక వంక, ఒక ఫైర్ లైన్, ఒక సాసర్ పిట్, ఒక అరెకరం లాంటానా. సర్టిఫికెట్ మొదటి రోజు ఇవ్వకండి. రెండో వానాకాలం వచ్చి అదే చోట మొలకలు పీకినవాడికి ఇవ్వండి. వాచరుకి ఆ రోజు కూలీ, గౌరవం రెండూ ఇచ్చి, మైకు ఆయన చేతికివ్వండి. పాఠం ఆయన చెబుతాడు. జూన్ అయిదున పిల్లల్ని ఎండలో నిలబెట్టేబదులు తరగతి గదిలో కూచోబెట్టి, అక్టోబరులో ఎవరు ఎక్కడికి వెళ్ళాలో రాసి గోడకి అంటించండి.

ఈ పుష్యమాసం ఫైర్ లైన్ పని ఉంది. అనుమతి కాగితాలు ఇచ్చాం. బయలుదేరడం పొద్దున అయిదున్నరకి, బేస్ క్యాంపు దాకా జీపు, అక్కడినుంచి నడక. నా మోకాళ్ళు ఎంతదాకా ఒప్పుకుంటే అంతదాకా నేనూ వస్తాను. చీపురు, కొడవలి అటవీ శాఖ వాళ్ళు ఇస్తారు. నీళ్ళు స్టీలు సీసాలో ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి, గోనెసంచి కూడా. రెండు వారాల తర్వాతి ఆదివారం మళ్ళీ అదే లైన్ ఊడవాలి. ఆ రోజుకి కూడా రాగలిగినవాళ్ళే పేరివ్వండి.